జంపక్క మాత్రమే వినే వాక్యం

ఫిజిక్సు లెక్చరరుగా పదవీ విరమణ చేశాక, నలుగురు మిత్రులతో కలిసి నేను చేస్తూ వచ్చిన పని ఒకటే. ఎక్కడైనా ఇంటి మీద రాళ్లు పడుతున్నాయన్నా, గడ్డివాము తనంతట తాను అంటుకుందన్నా వెళ్లి, కారణం వెతికి, చెప్పి రావడం. దాదాపు ప్రతిసారీ ఆ కారణం ఒక మనిషే అయ్యేది. ఆ మనిషికి పైకి చెప్పుకోలేని బాధ ఏదో ఉండేది. అందుచేత 2008 వానాకాలంలో జూలూరుపాడు అవతలి నుంచి పద్మావతమ్మ గారు ఫోను చేసి, తమ సంఘం కంప్యూటరులో చనిపోయిన కుర్రవాడు మాట్లాడుతున్నాడని చెప్పినప్పుడు, నేను ముందుగా ఆలోచించింది ఆ కంప్యూటరు గురించి కాదు. దాని ముందు కూర్చునే మనిషి గురించి.

పద్మావతమ్మ గారిది మధిర ప్రాంతం. అడవిలో తేనె, కుంకుళ్లు, చింతపండు, జిగురు ఏరి తెచ్చే ఆడవాళ్లతో ఒక సంఘం పెట్టి, దళారుల చేతికి పోకుండా ఆ సరుకును హైదరాబాదు దాకా అమ్మిస్తున్నారు. అందుకోసం ఇంటర్నెట్టులో ఒక పేజీ ఉంది. ఆ రోజు ధరలేమిటో, ఏ సరుకు ఎంత ఉందో అందులో కనిపిస్తుంది. ఆ పేజీని చూసుకుంటూ గూడేలకు ఫోను చేసి ధరలు చెప్పే పని జంపక్కది. చూసుకుంటూ అన్నాను గాని, జంపక్కకు చూపు లేదు. చిన్నప్పుడు తట్టు పోసి కళ్లు పోయాయి. పట్నంలో అంధుల బడిలో చదువుకుంది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒకటి ఆమె కంప్యూటరులో ఉంది. ఆ గొంతులోనే దయ్యం పలుకుతోందని ఫిర్యాదు.

"ఆడవాళ్లు ఆఫీసు గడప తొక్కడం లేదు మాస్టారూ," అన్నారు పద్మావతమ్మ గారు. "మీరొకసారి వచ్చి చూడండి. నిజమైతే పూజ చేయించి కంప్యూటరు తీసేస్తాం. అబద్ధమైతే ఆ పిల్లని మాన్పిస్తాం."

రెండు దారులూ జంపక్క కుర్చీ ఖాళీ కావడం దగ్గరికే పోతున్నాయని ఆమె గమనించినట్టు లేదు. పాత పేజీకి బదులు కొత్తది కూడా సిద్ధమైందట. ఖమ్మంలో ఎవరో ఫ్లాష్ అనే కదిలే బొమ్మల పద్ధతిలో చేసిచ్చారు. తేనె చుక్క జారిపడుతుంది, చెట్లు ఊగుతాయి, పాట వస్తుంది. అయితే అది మొత్తం ఒక బొమ్మ. చదివే సాఫ్ట్‌వేరుకు అందులో పట్టుకోవడానికి ఒక్క అక్షరం దొరకదు. దాని ముందు జంపక్క యంత్రం నోరు విప్పదు.

*

సంఘం ఆఫీసు రేకుల గోదాము. వెనుక ఇరవై బారల దూరంలో జోడువాగు. వాగుకు ఇటూ అటూ టేకు అడవి. గూడేలన్నీ అవతలి ఒడ్డున ఉన్నాయి. సరుకు తెచ్చేవాళ్లు వాగులో దిగి దాటి రావలసిందే. వానాకాలంలో కూడా చాలా రోజులు అది మోకాళ్ల దాకానే ఉంటుంది. ఎగువన కొండల్లో గట్టి వాన పడితే మాత్రం, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఎర్రనీళ్లు వచ్చిపడతాయి.

నేను వెళ్లిన రోజు ఆకాశం మూసుకుని ఉంది. గోదాములో కరెంటు బల్బు వెలుగుతున్నా చింతపండు బస్తాల వెనుక చీకటి అలాగే ఉంది. జంపక్క ముప్పై దాటిన మనిషి. ఆమె ముందున్న మానిటరుకు పాత చీర ముక్క కప్పి ఉంది. ఆమెకు దానితో పని లేదు. కొనుగోలుదారులు వచ్చినప్పుడే మానిటరు వేస్తారు.

"దయ్యాల్ని తోలే సారు మీరేనా?" అని అడిగింది.

అవి లేవని చెప్పే సారునని జవాబిచ్చాను.

"గట్లనా. ఉన్నదాన్నంటే తోలొచ్చు. లేనిదాన్ని ఎట్ల తోలుతరు సార్?" అంది నవ్వు దాచుకోకుండా. "అది వస్తే పన్నెండు గొట్టినంకనే వస్తది. అందాక చాయ తాగుండ్రి."

చాయ తాగుతుంటే పద్మావతమ్మ గారు వీరబాబు సంగతి చెప్పారు. వాగు అవతలి గూడెం కుర్రవాడు. పాల్వంచలో పాలిటెక్నిక్ చదివి, ఖమ్మంలో ఒక నెట్ సెంటరులో చేరి, వెబ్ పేజీలు అల్లడం నేర్చుకున్నాడు. సంఘం పేజీ అతను చేసిందే. పని జరిగినన్నాళ్లూ జంపక్క పక్కనే కూర్చునేవాడట. ప్రతి భాగమూ పూర్తయ్యాక మానిటరు ఆర్పేసి, మౌసు పక్కకు నెట్టి, మీటలు నొక్కుతూ చెవులతోనే పేజీ అంతా తిరిగేవాడు. ఎక్కడైనా దారి తప్పితే మళ్లీ మానిటరు వేసి సరిచేసేవాడు. బొమ్మల వెనుక ఆమె కోసం మాటలు రాసిపెట్టేవాడు. తేనె సీసా బొమ్మ దగ్గరికి వస్తే యంత్రం "తేనె సీసా, మూత ఎర్రది, అక్కా నీకు చూపియ్యలేను గని తియ్యగుంటది" అని చదివేదట. కిందటేడు భాద్రపదంలో ఒక సాయంత్రం ఇంటికి పోతూ వాగులో కొట్టుకుపోయాడు. మర్నాడు దిగువన ఏరుమద్ది చెట్టు వేళ్ల కింద దొరికాడు. జంపక్క చలిజ్వరంతో వారం రోజులుగా గూడెంలోనే పడుకుని ఉందప్పుడు. లేచి మళ్లీ పనిలోకి వచ్చిన కొన్నాళ్లకే ఆ గొంతు మొదలైంది.

పన్నెండు దాటింది. నేను మానిటరు మీది గుడ్డ తీసి, స్విచ్చి వేశాను. జంపక్క చెవులకున్న తీగ పీకి శబ్దం బయటికి వచ్చేలా చేసింది. గడప బయట పుష్పలత అనే అమ్మాయి, మరో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి లోపలికి చూస్తున్నారు.

ఆమె మీట నొక్కుతూ పోయింది. ఎక్కడి దేశపు మగగొంతో తెలియదు, హెచ్చుతగ్గులు లేకుండా పలుకుతోంది. ఆ యంత్రానికి అప్పట్లో తెలుగు లిపి రాదు. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగును తనకు చేతనైన యాసలో చదువుతుంది. తేనె. చింతపండు. కుంకుళ్లు. తెర మీద ఆ మాటలు ఒక్కొక్కటే వెలుగుతూ వస్తున్నాయి. ఆ తర్వాతి మీటకు తెర మీద ఏదీ వెలగలేదు. గొంతు మాత్రం ఆగలేదు.

"జంపక్కా. ఇయ్యాల నాకేం కనవడ్తలేదు. ఎవర్నీ వాగు దాటనియ్యకు."

పుష్పలత వెనక్కి అడుగు వేయడం వినిపించింది. నేను తెర వైపే చూస్తున్నాను. కుంకుళ్ల బొమ్మకూ ధరల పట్టికకూ మధ్య తెల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు. మళ్లీ నొక్కమన్నాను. మళ్లీ అదే వాక్యం, అదే నింపాదితనం. పేజీ మూసి తెరవమన్నాను. గొంతు తేనె నుంచి మొదలుపెట్టి ఆ ఖాళీ దగ్గరికి వచ్చి మళ్లీ అదే చెప్పింది. గుక్క తిప్పుకోని ఆ గొంతులో జంపక్క పేరు ఒక్కటే మనుషుల మాటలా ఉంది. నీళ్ల అడుగున చీకటిలో ఉన్నవాడు ఇంకేమి చెబుతాడు అని నాకు తోచింది. అలా తోచినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

ఇది రోజూ వస్తుందా అని అడిగాను. రాదట. వాన పడ్డ రోజుల్లో కొన్నిసార్లు "వాగు వచ్చింది" అంటుంది. ఒక్కోసారి వాన లేకపోయినా "కనవడ్తలేదు" అంటుంది. చాలా రోజులు ఏమీ అనదు. అది ఏ మాట అన్నా జంపక్క గూడేలకు ఫోను చేసి రావద్దని చెబుతుంది. అక్కడ ఉన్నవాళ్లను కదలనివ్వదు. మొదట్లో నవ్వినవాళ్లు కూడా, రెండుసార్లు నిజంగానే వాగు వచ్చేసరికి, ఆ గొంతుకు భయపడి ఒడ్డునే ఆగిపోవడం మొదలుపెట్టారు. తర్వాత ఆ భయమే పెద్దదై ఆఫీసుకు రావడమే మానుకున్నారు.

అందరినీ బయటికి పంపి జంపక్కతో మాట్లాడాను. నా అనుమానాన్ని దాచలేదు. ఉద్యోగం పోతుందని ఎవరి చేతనైనా ఆ మాటలు పెట్టించావా అని అడిగాను. ఆమెకు కోపం రాలేదు.

"నాకు చదవనీకి వస్తది గని రాసి అండ్ల పెట్టనీకి రాదు సార్. పెట్టే తాళం ఖమ్మంల కోటేష్ దగ్గర ఉంటది," అంది. మళ్లీ తనే, "మీరేమన్న చెయ్యుండ్రి గని ఆ మాట తియ్యకుండ్రి," అంది.

ఎందుకని అడిగాను.

"వాడు వాగుల దిగిన నాడు గీ కుర్చీల నేను లేను. ఉంటే నాకు చెప్పేటోడు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తున్నడు. ఇగ నేను లేకుంటే ఎవరికి చెప్తడు?"

దుఃఖం మనిషిచేత ఇలాంటి లెక్కలు వేయిస్తుందని నాకు తెలుసు. జాలితో తల ఊపాను. ఊపినట్టు ఆమెకు తెలియదని తర్వాత గుర్తొచ్చి, సరేనని పైకి అన్నాను.

*

మర్నాడు పొద్దున్నే ఖమ్మం వెళ్లాను. కోటేష్ నెట్ సెంటరు బస్టాండు వెనుక సందులో ఉంది. వీరబాబూ అతనూ ఒకే గదిలో కిరాయికి ఉన్నవాళ్లు. విషయం చెప్పగానే అతని ముఖం వాడిపోయింది. ఆ పేజీలో తాను ధరల అంకెలు తప్ప ఒక్క అక్షరం ముట్టుకోలేదని, ముట్టుకోవడానికి చేతులు రాలేదని అన్నాడు. అయితే లోపల చూద్దాం అన్నాను.

పేజీ లోపలి అల్లికను విప్పి చూపించే పనిముట్టు ఒకటి అప్పటికి కొత్తగా వచ్చింది. ఫైర్‌బగ్ అంటారు. తెర కింది సగంలో అది తెరుచుకుంటుంది. పేజీలోని ఏ ముక్కను వేలెత్తి చూపినా, దాన్ని ఏ మాటలతో అల్లారో, ఎక్కడ నిలబడమని చెప్పారో బయటపెడుతుంది. కోటేష్ కుంకుళ్ల బొమ్మకూ ధరల పట్టికకూ మధ్యనున్న ఖాళీ దగ్గర వెతికాడు. వాక్యం అక్కడే ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో, జంపక్క పేరుతో మొదలై, ఉన్నదున్నట్టు.

దాని పక్కన ఒక ఆజ్ఞ ఉంది. ఈ వాక్యాన్ని తెర ఎడమ అంచుకు వేల చుక్కల దూరాన నిలబెట్టు అని. కళ్లకు అందని చోటికి నెట్టేయడమన్నమాట. చదివే సాఫ్ట్‌వేరుకు మాత్రం తెర అంచులతో పని లేదు. అది అల్లిక వెంట నడుస్తుంది కనుక అక్కడికీ వెళ్లి చదివేస్తుంది. చూపు లేనివారికి మాత్రమే ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు పేజీలు చేసేవాళ్లు వాడే పద్ధతేనట అది.

"గీ ఒక్క ఆర్డరు తీసేసి చూడొచ్చు సార్, మన దగ్గరి తెర మీద మట్టుకే," అని కోటేష్ దాని పక్కనున్న గుర్తును నొక్కాడు.

వాక్యం తెర మీదికి వచ్చి నిలబడింది. మిగతా పేజీ అంతా కొంచెం కిందికి జరిగి దానికి చోటిచ్చింది. వీధిలో ఆటోలు పోతున్నాయి, పక్క కంప్యూటరు మీద ఎవరో పరీక్ష ఫలితాలు చూసుకుంటున్నారు. ఏడాదిగా తెర బయట చీకటిలో నిలబడి ఉన్నవాడు లోపలికి వచ్చినట్టుంది.

ఇక మిగిలింది, అది ఒక రోజు వచ్చి ఒక రోజు రాకపోవడమెందుకన్నది. దానికీ అల్లికలోనే జవాబు ఉంది. పేజీ ఒక అంకె కోసం చూస్తుంది. అంకె ఒక గీత దాటితే "వాగు వచ్చింది" అన్న వాక్యం పుడుతుంది. తక్కువైతే ఏ వాక్యమూ ఉండదు. మధ్యాహ్నం దాకా నిన్నటి అంకె చెల్లుతుంది. పన్నెండయినా కొత్తది రాకపోతే, పుట్టేది "నాకేం కనవడ్తలేదు" అన్నది.

ఏమిటా అంకె, ఎవరు వేస్తున్నారు అని అడిగాను. కోటేష్ తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు.

"నేనే సార్. రోజు నేనే కొడ్తున్న."

ఎగువ తండాలో లాలి అనే అంగన్‌వాడీ టీచరు ఉందట. వీరబాబు ఆమెకు వాన కొలిచే గాజు సీసా ఒకటి ఇచ్చాడు. రోజూ పొద్దున ఆమె ఫోను చేసి ఒక అంకె చెబుతుంది. దాన్ని ఒక గడిలో కొట్టమని వీరబాబు కోటేష్‌కు అప్పగించాడు. ఎందుకో చెప్పలేదు, ఇతను అడగలేదు. స్నేహితుడు పోయాక కూడా ఆమె ఫోను చేయడం మానలేదు, ఇతను కొట్టడం మానలేదు. అతను అప్పగించి పోయిన పని కదా అని ఎవరికి వారు చేసుకుపోయారు. తాము చేస్తున్నది ఏమిటో ఇద్దరికీ తెలియదు. నిన్న పొద్దున సెంటరులో కరెంటు లేక ఇతను షాపే తెరవలేదు. అందుకే నిన్న ఆ గొంతుకు ఏమీ కనబడలేదు. ఇవాళ్టి ఫోను ఇంకా రాలేదు కనుక వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది.

నాకు చాలా తృప్తి కలిగింది. ఇంత శుభ్రంగా విడిపోయిన ముడి నా అనుభవంలో మరొకటి లేదు. ఆ తృప్తిలోనే, అడగనక్కరలేని ప్రశ్న ఒకటి అడిగాను. వీరబాబు పోయిన రోజున ఆ అంకె వచ్చిందా?

కోటేష్ మీటల మీది నుంచి చేతులు తీశాడు.

"రాలే సార్. ఆ రోజు ఎగువ లైన్లు తెగినయ్. నేను పొద్దుగాలే వాడికి ఫోన్ కొట్టి చెప్పిన, లాలక్క నంబర్ రాలేదురా అని. ఏం గాదు, అది చూసుకుంటది తియ్, అన్నడు. ఏది చూసుకుంటదో నాకు అప్పుడు సమజ్ కాలే."

నాకు ఇప్పుడు సమజైంది. అల్లికలో ఆ ముక్క చేర్చిన తేదీ వీరబాబే పక్కన రాసిపెట్టుకున్నాడు. జంపక్క జ్వరంతో పడుకున్న వారంలోనిది. ఆమె తిరిగి వచ్చాక చెబుదామనుకుని ఉంటాడు. కనుక ఆ రోజు మధ్యాహ్నం తర్వాత ఆ వాక్యం ఆ పేజీలో ఉండి తీరాలి. సంఘం ఆఫీసులో, ఆ తెర మీదే. ఆ రోజు హైదరాబాదు కొనుగోలుదారులు వచ్చారని, వీరబాబే మానిటరు వేసి వాళ్లకు పేజీ చూపించాడని పద్మావతమ్మ గారు చెప్పి ఉన్నారు. అతిథుల ముందు మానిటరు ఆర్పి చెవులతో తిరగడం కుదరదు. కళ్లున్నవాళ్లు అయిదారుగురు ఆ తెరను చూశారు. అతనూ చూశాడు. హెచ్చరిక అక్కడే, చూపుకు కొంచెం ఎడమగా ఉంది. పేజీ శుభ్రంగా కనిపించింది. దాన్ని తానే అంచు అవతలికి నెట్టిన సంగతి ఆ హడావిడిలో మరిచిపోయి ఉంటాడు. సాయంత్రం అతను వాగులో దిగాడు.

ఉంటే నాకు చెప్పేటోడు, అన్న జంపక్క మాటకు నేను జాలితో తల ఊపాను. ఆమె లెక్కలో తప్పేమీ లేదు.

*

ఆ వారంలోనే ఒకరోజు సంఘం సమావేశం పెట్టించి, కోటేష్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. వాగు మోకాళ్ల దాకా ఉంది. అవతలి ఒడ్డు నుంచి ఆడవాళ్లు చాలామందే వచ్చారు, గడపకు కొంచెం దూరంగా కూర్చున్నారు. కోటేష్ మానిటరును వాళ్ల వైపు తిప్పి, ఖమ్మంలో దాచి తెచ్చిన పేజీ నకలులో వాక్యాన్ని తెర బయటికి పంపి, మళ్లీ లోపలికి రప్పించి చూపించాడు. నేను సీసా గురించి, లాలి గురించి, అంకె గురించి చెప్పాను. వీరబాబు చివరి రోజు గురించి కూడా చెప్పాను. అది దాచడం నాకు చేతకాదు. వాక్యాన్ని అతను అందరికీ కనిపించేలా ఎందుకు పెట్టలేదో మాత్రం నాకు తెలియదన్నాను.

జంపక్క మొహం కదలలేదు. మాట్లాడింది పద్మావతమ్మ గారు.

"నేనే వద్దన్నాను మాస్టారూ. వాగు గొడవ పేజీలో పెడతానన్నాడు. కొనేవాళ్లు చూస్తే సరుకు రాదనుకుని ఆర్డర్లు మానుకుంటారు, వాళ్ల కళ్లబడకుండా చూడు బాబూ, అన్నాను." ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "వాళ్ల కళ్లబడకుండానే పెట్టాడు."

ఆ తర్వాత కొత్త పేజీ ప్రస్తావన ఆమె తేలేదు. పాతదే ఉంటుందని, వాక్యం ఇక అందరికీ కనిపించాలని ఆమే చెప్పారు. ఆడవాళ్లలో బిగువు సడలింది. దయ్యం లేదని తెలిసి గడప దాటి లోపలికి వచ్చారు. పుష్పలత మానిటరును వేలితో తాకి, ఇంతేనా అంది. ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు, ఎవరు ఏ రోజు ఎలా పరుగెత్తారో అభినయించి చూపించారు. నేను వచ్చిన పని పూర్తయింది.

వాళ్లు ఇళ్లకు బయలుదేరబోతుండగా జంపక్క తన కుర్చీలో కూర్చుని మీటలు నొక్కింది. తేనె. చింతపండు. కుంకుళ్లు.

"జంపక్కా. ఇయ్యాల నాకేం కనవడ్తలేదు. ఎవర్నీ వాగు దాటనియ్యకు."

వెంటనే పుష్పలత పకపకా నవ్వింది.

"కోటేషన్న ఈడనే ఉండె, ఇగ నంబర్ ఎవరు గొడ్తరు? పాపం దయ్యానికేం తెలుసు."

అందరూ నవ్వారు. కోటేష్ కూడా సిగ్గుగా నవ్వాడు. పొద్దున్నే నాతో బయలుదేరే హడావిడిలో, అంకె కొట్టేవాళ్లెవరూ లేరన్న సంగతే అతనికి తట్టలేదు. నాకూ తట్టలేదు. గంపలు తలకెత్తుకుని ఆడవాళ్లు వాగు వైపు నడిచారు. నిన్నటిదాకా ఆ గొంతు వింటే ఒడ్డునే ఆగిపోయినవాళ్లు. అది ఎందుకు పలుకుతుందో నేను విడమరచి చెప్పాను కనుక, ఇప్పుడు ఆగవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు.

జంపక్క చేతికర్రతో వాళ్లకంటే ముందు నడిచింది. ఆ దారి ఆమెకు అలవాటే. నీళ్లలోకి దిగే చోట ఒడ్డు రెండు బండల మధ్య సందులా ఉంటుంది. అక్కడ అడ్డంగా నిలబడింది.

"నేను దాటనియ్య," అంది.

పుష్పలతకు నవ్వు పోయింది. "అక్కా, పక్కకు జరుగు. పాపను మా అత్త దగ్గర ఇడిసిపెట్టి వచ్చిన. పాలకు ఏడుస్తది."

"ఏడ్వనియ్. ఏడిస్తే సావదు."

"సార్ చెప్పిండు గద అది ఉత్తదే అని. నువ్వు ఇనలేదా?"

"ఇన్న. దాన్ని రాసినోడు సచ్చిండని గూడ సారే చెప్పిండు. నీకు అది ఇనవడలేదా?"

అందరూ నా వైపు తిరిగారు. జంపక్క కూడా తన ముఖాన్ని నా గొంతు ఉండే దిక్కుకు తిప్పింది. వాగు తేటగా ఉంది. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. ఆకాశంలో మబ్బు పలచబడి లేత ఎండ పడుతోంది. కళ్లతో చూస్తే దాటవద్దనడానికి ఒక్క కారణం లేదు. ఆ గొంతు ఎందుకు పలికిందో నాకు పూర్తిగా తెలుసు. కోటేష్ షాపులో లేకపోవడం వల్ల పలికింది. ఎగువన వాన పడ్డా అదే పలికేది, పడకపోయినా అదే పలికేది.

లాలికి ఎవరైనా ఫోను చేశారా అని అడిగాను. జంపక్క చేసిందట. మోగుతోందట గాని, మధ్యాహ్నానికే అంగన్‌వాడీకి తాళం పడుతుంది, ఫోను లోపలే ఉంటుంది.

"నేను చెప్పింది దయ్యం లేదని," అన్నాను. "వాగు రాదని చెప్పలేదు. ఎగువన వాన పడిందో లేదో మనలో ఎవరికీ తెలియదు. ఆ గొంతు అంటున్నదీ అదే. తనకు కనబడడం లేదంటోంది. మనకు కనబడుతోందా?"

ఇది వాళ్లకు నచ్చలేదు. సారుకు కూడా పట్టింది అని ఎవరో వెనుక నుంచి మెల్లగా అన్నారు. అయినా జంపక్క జరగలేదు, ఆమె పక్కకు వెళ్లి నేనూ నిలబడ్డాను. గంపలు దించారు. పుష్పలత బండ మీద కూర్చుని, మాతో మాట్లాడకుండా, అవతలి ఒడ్డునే చూస్తూ ఉండిపోయింది. ఆమె రవిక పాలతో తడిసింది. అది చూసి నేను రెండుసార్లు జరుగుదామనుకున్నాను.

ఎండ టేకు చెట్ల మీదికి ఎక్కాక నీటి మీద కొన్ని ఎండుటాకులు కొట్టుకొచ్చాయి. అవి ఎప్పుడూ వచ్చేవే. తర్వాత అడుగున గులకరాళ్లు కనిపించడం మానేశాయి. శబ్దమేమీ పెద్దగా లేదు. నీరు రంగు మార్చుకుంటూ బండల మధ్యకు ఎక్కివచ్చి జంపక్క పాదాలను తడిపింది. ఆమె వెనక్కి జరిగింది. మేమంతా జరిగాం. ఇంకాసేపటికి, పుష్పలత కూర్చున్న బండ ఎక్కడుందో తెలియలేదు.

పుష్పలత వచ్చి జంపక్క చెయ్యి పట్టుకుని, ఆ చేతిని తన తడిసిన రవికకు ఆనించుకుని ఏడ్చింది. పద్మావతమ్మ గారు అవతలి గూడేనికి ఫోను చేయించారు. పాపకు గంజినీళ్లు పట్టారట, నిద్రపోయిందట. తెల్లవారి నీళ్లు తగ్గాక అందరూ దాటి వెళ్లారు. లాలి ఆ రోజు పొద్దున మామూలుగానే ఖమ్మానికి ఫోను చేసిందని తర్వాత తెలిసింది. ఖాళీ షాపులో మోగి ఆగిపోయింది.

ఒక్క సంఘటనతో ఏదీ రుజువు కాదు. ఆ వాక్యం పలికినా వాగు రాని రోజులు అంతకు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. అలాంటి రోజులను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇలాంటిది ఒక్కటి జరిగితే తరాలపాటు చెప్పుకుంటారు. దయ్యాల కథలన్నీ అలా పుట్టినవే. ఇది నేను ఎన్నో సభల్లో చెప్పాను. ఇప్పటికీ చెబుతాను.

కోటేష్ ఇప్పుడు అంకెను మరొకరికి కూడా అప్పగించాడు. కుంకుళ్ల దగ్గరి వాక్యాన్ని జంపక్క కోసం అక్కడే ఉంచి, పేజీ పైభాగాన, పసుపు రంగు పట్టీ మీద, తెలుగు అక్షరాలలో కూడా పెట్టాడు. పెట్టేముందు జంపక్కను ఒక మాట అడిగాడు. ఇక అందరూ చదువుతారు కదా, మొదట్లో నీ పేరు తీసేయనా అని. వద్దంది. వాడు రాసింది రాసినట్టు ఉండనియ్, అంది.

అందువల్ల వానాకాలంలో ఏదో ఒక రోజు, హైదరాబాదులో ఎవరో తేనె కొందామని ఆ పేజీ తెరిచి, జంపక్కా, ఇయ్యాల నాకేం కనవడ్తలేదు అన్న మాటలు చదివి, ఎవరీ జంపక్క, ఎవరు ఎవరితో అంటున్నారు అని సంఘానికి రాస్తారు. పద్మావతమ్మ గారు ఆ ఉత్తరాలను నాకు పంపి, ఏమని జవాబివ్వమంటారని అడుగుతారు. నేను వివరంగా రాసిస్తాను. సీసా, అంకె, మధ్యాహ్నం, ఎడమ అంచు. రాసింది సరిచూసుకోవడానికి ఆ పేజీ తెరుస్తాను. ఒక్కోసారి మానిటరు ఆర్పి, నా కంప్యూటరులోనూ పెట్టించుకున్న ఆ చదివే గొంతు వెంట కుంకుళ్ల దగ్గరికి వచ్చి, తర్వాతి మీట నొక్కే ముందు కొంచెం ఆగుతాను.